గృహ కంప్యూటరుకు ప్రాసెసరును, గ్రాఫిక్సు కార్డును ఎన్నుకొనుట

2025వ సంవత్సరము వేసవిలో మహబూబాబాదు ప్రాంతమునుండి ఒక విద్యార్థిని తండ్రిగారు మాయొద్దకు వచ్చిరి. మిరపపంట అమ్మగా వచ్చిన సొమ్ములో కొంత కుమార్తె చదువునకై వేరుగా నుంచి, ఇంటికొక కంప్యూటరు కొనదలచి, దుకాణదారుడు వ్రాసియిచ్చిన ధరల చీటీని చేతబట్టుకొని యుండిరి. ఆ చీటీలోని మొత్తములో ఇంచుమించు సగము గ్రాఫిక్సు కార్డు అను ఒక్క వస్తువునకే పోవుచుండెను. “సారూ, ఈ కార్డు లేకుంటే కంప్యూటరు నడువదా?” అని ఆయన యడిగిరి. ఇట్టి ప్రశ్న అనేక గృహములలో పుట్టుచున్నది గనుక, మేమిచ్చిన సమాధానమును విద్యార్థులకును తలిదండ్రులకును ఉపయోగపడునట్లు ఇచట వివరించుచున్నాము. ఆ బాలిక లినక్సు నేర్వగోరినది. కావున మా మాటలు లినక్సు నడుపు కంప్యూటరునకు సంబంధించినవి.

1. రెంటి పనులు

ప్రాసెసరు అనగా లెక్కలు చేయుచు, ఆజ్ఞలను నెరవేర్చు భాగము. దానిలో కోర్లనబడు పనివాండ్రు నలుగురో ఆరుగురో ఉందురు. ఒక్కొక్కరు ఎంతటి చిక్కుపనినైనను చేయగల నేర్పరులు. గ్రాఫిక్సు భాగము అట్లు కాదు. వరినాటు వేయు కూలీలు మడిలో వరుసగా నిలిచి అందరును ఒకే పనిని ఒకేసారి చేయునట్లు, దానిలో వందలకొలది, వేలకొలది చిన్న గణనభాగములు ఒకే విధమగు లెక్కను ఒక్కుమ్మడిగా చేయును. తెరపై బొమ్మ గీయుటకు ఇదియే తగిన పద్ధతి. ఏలయన, అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు గల తెరపై మొత్తము 20,73,600 చుక్కలుండును. సెకనుకు 60 మారులు బొమ్మ మారినచో, ఆ ఒక్క సెకనులోనే 12 కోట్లకు పైగా చుక్కలకు రంగు నిర్ణయింపవలసియుండును.

అయితే ఈ గ్రాఫిక్సు భాగము వేరు కార్డుగానే యుండవలయునను నియమము లేదు. అనేక ప్రాసెసర్లలో అది లోపలనే ఇమిడియుండును. తెలుగులో వ్రాయుటకును, పాఠముల వీడియోలు చూచుటకును, పైథాన్ భాషలో ప్రోగ్రాములు నేర్చుటకును ఆ లోపలి భాగమే చాలును.

2. పేరు చివరి అక్షరము

ఏ ప్రాసెసరులో గ్రాఫిక్సు కలదో, దేనిలో లేదో తెలిసికొనుటకు పేరు చివరి అక్షరమును చూడవలయును. ఇంటెల్ వారి ఐ5-12400లో గ్రాఫిక్సు కలదు, ఐ5-12400ఎఫ్‌లో లేదు. ఎ.ఎం.డి. వారి రైజెన్ 5 5600జిలో కలదు. రైజెన్ 5 5600లో లేదు. నాలుగింటికిని ఆరేసి కోర్లే యున్నవి. కావున కోర్లను మాత్రమే లెక్కించువారు మోసపోవుదురు.

మేమును ఒకప్పుడు ఈ చివరి అక్షరమును లక్ష్యపెట్టక, ధర తక్కువయని సంతసించి, గ్రాఫిక్సు లేని ప్రాసెసరును కొంటిమి. యంత్రమునంతయు కూర్చి మీట నొక్కగా పంకా తిరిగెను గాని తెర నల్లగనే యుండెను. రెండు దినములు తీగెలను అనుమానించితిమి. తుదకు పెట్టెమీది పేరు చదువగా లోపము మాదేయని తెలిసెను. ఒక కార్డు కొని తగిలించుటకు, మేము మిగుల్చుకొన్న దానికంటె ఎక్కువ సొమ్ము వ్యయమయ్యెను.

3. లినక్సు ఎరిగిన వస్తువు

యంత్రభాగముతో మాటలాడుటకు కంప్యూటరునకు డ్రైవరు అను చిన్న ప్రోగ్రాము కావలయును. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్సు కెర్నెలులో వేలకొలది భాగములకు తగిన డ్రైవర్లు చేరియున్నవి. ఇంటెల్, ఎ.ఎం.డి. సంస్థల గ్రాఫిక్సు డ్రైవర్లు అందులోనే యుండుటచేత, లినక్సు ఎక్కించిన వెంటనే సాధారణముగా తెర సరిగా పనిచేయును. ఎన్విడియా కార్డుల పూర్తి శక్తి కావలెనన్నచో ఆ సంస్థవారి డ్రైవరును వేరుగా ఎక్కింపవలయును. 2022 మే నెలలో ఆ సంస్థ తన డ్రైవరులోని కెర్నెలు భాగపు మూలలిపిని బహిరంగపరచినది. అయినను వేరుగా ఎక్కించు శ్రమ తీరలేదు. ఆ శ్రమ నేర్వదగినదే గాని, మొదటి దినముననే బాలికపై మోపదగినది కాదు.

మరియొక జాగ్రత్త గలదు. అతి నూతనమగు కార్డు పాత కెర్నెలునకు తెలియదు. 2025 మార్చిలో వచ్చిన ఎ.ఎం.డి. ఆర్.ఎక్స్. 9070 కార్డును, 2023 జూనులో వెలువడిన డెబియన్ 12తో వచ్చిన 6.1 కెర్నెలు గుర్తెరిగి నడుపజాలదు. కావున ఒకటి రెండేండ్లు గడచిన కార్డు లినక్సు గృహమునకు మేలు.

4. కార్డు ఎవరికి కావలయును?

కార్డు వ్యర్థమని మా యభిప్రాయము కాదు. భూపాలపల్లినుండి వచ్చిన బొగ్గుగని కార్మికుని కుమారుడొకడు బ్లెండర్ అను ఉచిత ప్రోగ్రాముతో కదలు బొమ్మలు చేయుచున్నాడు. ఒక నిమిషపు బొమ్మకు రాత్రియంతయు యంత్రము నడుచుచుండగా, వానికి మేమే కార్డు కొనుమని చెప్పితిమి. అట్టి పనికిని, గొప్ప ఆటలకును, యంత్రాభ్యసన ప్రయోగములకును కార్డు అవసరము.

కాని దాని ఆకలిని కూడ లెక్కింపవలయును. ఎన్విడియా ఆర్.టి.ఎక్స్. 3060 కార్డు పూర్తి భారము మోయునపుడు 170 వాట్లు తీసికొనును. దినమునకు 4 గంటలు అట్లు నడచినచో 680 వాటు-గంటలు, నెలకు 20 యూనిట్లకు పైమాట. పెట్టెలోని విద్యుత్ సరఫరా భాగము అంత శక్తి నీయగలదో లేదో ముందే చూడవలయును. భూపాలపల్లి చెంతనున్న చెల్పూరు విద్యుత్కేంద్రములో బొగ్గు మండి కరెంటగుటను ఎరిగిన ఆ బాలునికి వాటు విలువను మేము చెప్పనక్కరలేకపోయెను.

5. కొనుటకు ముందు పరీక్ష

లినక్సును పెన్‌డ్రైవునందుంచి, డిస్కును ముట్టకయే యంత్రమును నడిపి చూడవచ్చును. దుకాణదారుని మర్యాదగా అడిగినచో సాధారణముగా ఒప్పుకొందురు. తెర, శబ్దము, వైఫై పనిచేయుచున్నవా యని చూచి, ‘ఎల్.ఎస్.పి.సి.ఐ. -కె’ అను ఆజ్ఞ నిచ్చినచో, ఏ భాగమునకు ఏ డ్రైవరు పనిచేయుచున్నదో వరుసగా కనబడును. ఈ పావుగంట పరీక్ష పాత కంప్యూటరు కొనువారికి మరింత అవసరము.

ఇక ఆ తండ్రిగారి చీటీ. మేము కార్డు పేరును కొట్టివేసి, గ్రాఫిక్సు గల ప్రాసెసరును వ్రాసి, 8 జీబీ మెమరీని 16 జీబీ చేసి, వేగముగల ఎస్.ఎస్.డి.ని, కరెంటు పోయినపుడు పని చెడకుండ యు.పి.ఎస్.ను చేర్చితిమి. అప్పటికిని సొమ్ము మిగిలెను. “మిగిలిన దానితో విత్తనాలు కొంటాను సారూ” అని ఆయన వెడలిరి. పెట్టెలో కార్డునకు చోటు అట్లే యున్నది. బాలిక పని పెరిగిననాడు కొనవచ్చును.

ఇప్పుడామె ఆ యంత్రముమీద పోతన అను ఉచిత తెలుగు ఫాంటుతో తన పాఠములను వ్రాయుచున్నది. ఆ ఫాంటునకు పేరైన కవిది మన జనగామ జిల్లాలోని బమ్మెర గ్రామమని ఆమెకు చెప్పినపుడు మిక్కిలి సంతోషించినది. విద్యార్థులారా, వస్తువు గొప్పతనమును అడుగకముందు మీ పని యేమో అడుగుడు. సొమ్ము తలిదండ్రుల చెమటయని మరువకుడు.

అభ్యాసము

1. మీ యింట కంప్యూటరుతో చేయదలచిన ఐదు పనులను వ్రాసి, వానిలో కార్డు అవసరమగునవి గుర్తింపుడు.

2. 132 వాట్ల కార్డు దినమునకు 3 గంటలు పూర్తి భారముతో నడచినచో, 30 దినములకు ఎన్ని యూనిట్లగును?

3. పాఠశాల యందలి ఒక యంత్రపు ప్రాసెసరు పేరును చదివి, అందు గ్రాఫిక్సు కలదో లేదో నిర్ణయింపుడు.