‘తప్పు’ అన్న మాట

మదురై వీధులలో ‘తప్పు’ అన్న మాట తెలుగువారికీ తమిళులకూ ఉమ్మడి సొత్తు. దోషం, అపరాధం సంస్కృతం నుండి వచ్చినవి. ఇది అచ్చమైన ద్రావిడ పదం. తొలగిపోవడం, గురి చేరకపోవడం దీని మూలార్థం. తప్పిపోయిన బిడ్డ, అడుగు తప్పిన వృద్ధుడు ఏ పాపమూ చేయలేదు. మాట తప్పినప్పుడే ఈ పదం నీతి పరిధిలోకి వస్తుంది. విజయనగర కాలపు తెలుగు దానశాసనాలు చివర శపించేది ధర్మానికి ‘తప్పిన’ వారినే. ఆ సామ్రాజ్యపు ప్రతినిధులుగా వచ్చిన నాయకరాజులు 1736 వరకు మదురైని ఏలారు. ఇక్కడి తెలుగు పలుకుకు అంతటి వయసున్నది.

తమిళ ‘తప్పు’లో తప్పించుకోవడమనే అర్థమూ ఉన్నది. కనుక రద్దీలో తెలుగువారు పక్కకు జరగమని ‘తప్పుకోండి’ అంటే అది తమిళుల చెవికి వింతగా తోచవచ్చు.

పన్ను ప్రకటనలలో కనిపించే తమిళ మాట ‘తవరు’. ‘తవరామల్’ అంటే తప్పక. ‘కట్టత్ తవరినాల్’ అంటే కట్టడం తప్పితే. అక్కడ చెప్పేది గడువు దాటడాన్ని గురించే, చదువరిని నేరస్థుడనడం లేదు. నేరానికి తమిళంలో ‘కుట్రం’ అన్న వేరే మాట ఉన్నది. దాని అర్థం మన ‘కుట్ర’ కాదు.