నానమ్మ ఎడమ పక్కన కూర్చుని చూడు

భద్రావతి

చి. అమ్మలుకు పెద్దబాపు ఆశీస్సులు.

క్రిస్మస్ సెలవులకు వస్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చూడదగ్గ సినిమాలు రాసి పంపమన్నావట. 'హోం అలోన్' నీకు సీను సీనూ కంఠతా వచ్చు, దాని జోలికి మళ్లీ పోకు. నలుగురి నోళ్లలో అంతగా నానని మంచి సినిమాలు చాలానే ఉన్నాయి. పెద్దబాపు షరతు ఒక్కటే. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కదానివే చూడొద్దు, నానమ్మ మంచం పక్కన కూర్చుని చూడు.

మొదట 'కరుణామయుడు'. 1978లో వచ్చింది. దర్శకుడు ఎ.భీంసింగ్, క్రీస్తు వేషం విజయచందర్‌ది. నానమ్మ తరానికి బాగా తెలిసిన సినిమా ఇది, మీ తరమే మరిచిపోయింది. ఇది సినిమా హాళ్లతో ఆగలేదు. ఊరి నడుమ తెల్లగుడ్డ కట్టి ఏళ్ల తరబడి ఊరూరా ఆడించారు. చాలా పల్లెల్లో క్రీస్తు అనగానే జనానికి విజయచందర్ ముఖమే మెదిలేది. సిలువ మోసే ఘట్టంలో మోదుకూరి జాన్సన్ రాసిన పాట బాలసుబ్రహ్మణ్యం గొంతులో వస్తుంది. అప్పుడు టీవీ వాల్యూమ్ తగ్గించకు. పక్కింటి మరాఠీవాళ్లను కూడా పిలవాలనుకుంటే హిందీలో 'దయాసాగర్' పేరుతో ఉంది.

దర్శకుడు బాపు తీసిన 'రాజాధిరాజు' (1980) కూడా వెతుకు. సైతానుగా నూతన్ ప్రసాద్‌ను చూసి తీరాలి.

ఇక అన్నిటికన్నా పెద్దబాపు మనసుకు పట్టింది ఫ్రెంచి దర్శకుడు క్రిస్టియన్ కారియన్ 2005లో తీసిన 'జ్వాయో నోయెల్'. మన ఊరి ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో మందుగుండు తయారవుతుంది, దాని గోడ పక్కనుంచి బడికి నడిచిన పిల్లవు నువ్వు. మందుగుండు ఒక్క రాత్రి పేలకుండా ఉండిపోతే ఏమవుతుందో ఈ సినిమా చూపిస్తుంది. కథకు ఆధారం నిజంగా జరిగిందే. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 డిసెంబరులో పశ్చిమ రంగంలో చాలాచోట్ల సైనికులు తమంతట తామే కాల్పులు ఆపి కందకాల్లోంచి బయటికొచ్చారు. సినిమాలో ఒక జర్మన్ గాయకుడు పాట ఎత్తుకుంటాడు. అవతల స్కాట్లండ్ సైనికుల బ్యాగ్‌పైప్ దానికి శ్రుతి కలుపుతుంది. ఆ గాయకుడు చిన్న క్రిస్మస్ చెట్టు చేతపట్టుకుని తుపాకుల మధ్యకు నడిచొస్తాడు. ఒక పిల్లి కూడా ఉంది. రెండు కందకాల్లోనూ తిరుగుతుంటుంది. జర్మన్లు దాన్ని ఒక పేరుతో పిలుస్తారు, ఫ్రెంచివాళ్లు ఇంకో పేరుతో. మాది అంటే మాది అని వాదులాడుకుంటారు కూడా. ఆ వాదులాట దగ్గర నవ్వొస్తుంది, గొంతూ పట్టేస్తుంది. ఆ క్రిస్మస్‌కు మనవాళ్లూ అక్కడ ఉన్నారు. 39వ గఢ్వాల్ రైఫిల్స్ సిపాయిలు ఎదుటి జర్మన్లతో చేతులు కలిపారు. సినిమాలో వాళ్ల ప్రస్తావన లేదు, అందుకే నీకు చెప్పి పెడుతున్నాను.

ఎర్న్‌స్ట్ లూబిష్ 1940లో తీసిన 'ద షాప్ అరౌండ్ ద కార్నర్' నలుపు తెలుపు అని వదిలేయకు. బుడాపెస్ట్‌లో తోలు సంచులూ పెట్టెలూ అమ్మే దుకాణం, అందులో పనిచేసే గుమాస్తాలు, వాళ్ల జీతాల బెంగ. 'యూవ్ గాట్ మెయిల్' దీని మీద ఆధారపడి తీసిందే. చివర్లో పండుగ రాత్రి దుకాణం కట్టేశాక, ముసలి యజమాని మంచులో నిలబడి భోజనానికి తోడు వెతుక్కుంటాడు. పనివాళ్లందరికీ ఎవరి ఇల్లు వాళ్లకుంది. మిగిలింది కొత్తగా చేరిన కుర్రాడు, ఊళ్లో వాడికీ ఎవరూ లేరు. వాడికి తినిపించబోయేవన్నీ ఒక్కొక్కటే వరసపెట్టి చెబుతూ యజమాని ముఖం వెలిగిపోవడం చూడు.

సతోషీ కోన్ తీసిన 'టోక్యో గాడ్‌ఫాదర్స్' (2003) బొమ్మల సినిమా అయినా పెద్దవాళ్లదే. ఇల్లూ వాకిలీ లేని ముగ్గురికి క్రిస్మస్ రాత్రి చెత్తలో పసిపాప దొరుకుతుంది. శ్రీరాం రాఘవన్ 'మెర్రీ క్రిస్మస్' (2024) మన ముంబై కథే, బొంబాయి అని పిలిచే రోజులది. కానీ హత్య ఉంది, నానమ్మ పడుకున్నాక చూడు.

విదేశీ సినిమాల్లో కింద వచ్చే అక్షరాలు నానమ్మ చదవలేదు. నువ్వే తెలుగులో చెబుతూ ఉండు. అడిగినప్పుడు ఆపు, మళ్లీ వెనక్కి తిప్పు. ఆమెకు కుడి చెవి సరిగా వినబడదు, ఎడమ పక్కన కూర్చో.

రైలు భాందక్ స్టేషన్‌లో ఆగుతుందో లేదో చూసుకుని టికెట్ తీసుకో. ఆగకపోతే చంద్రపూర్‌లో దిగు, పెద్దబాపు వచ్చి తీసుకెళ్తాడు.

ఇట్లు,
మీ పెద్దబాపు