తీగ తెగిందని కంప్యూటరుకు ఎట్లా తెలుస్తుంది?

రైల్వే స్టేషనులో టిక్కెట్టు కోసం వరుసలో నిలబడినప్పుడు, కిటికీ అవతలి గుమాస్తా మీరు వెళ్ళవలసిన ఊరి పేరు మీటలతో కొట్టి, తెర వంక చూస్తూ ఒక్క క్షణం ఆగడం మీరు చూసే ఉంటారు. ఆ ప్రశ్న ఎక్కడో దూరాన ఉన్న పెద్ద కంప్యూటరుకు వెళ్ళి జవాబు తీసుకొని రావాలి. ఇట్లా పదిమందీ అడిగినదానికి జవాబు చెప్పడమే పనిగా ఉన్న కంప్యూటరును సర్వరు అంటారు. సర్వరు ఎంత శక్తి గలదైనా, దాని వెనుక గుచ్చిన తీగ ఊడిపోతే లోకానికి దాని మాట వినిపించదు, లోకం మాట దానికి వినిపించదు.

ఆ తీగ ఊడిన సంగతి సర్వరుకు ఎట్లా తెలుస్తుంది? “ప్రశ్నలు రావడం ఆగిపోతాయి కదా, అప్పుడు తెలుస్తుంది” అని మీలో కొందరు వెంటనే అంటారు. కొంచెం ఆలోచించండి. ఎవరూ ఏమీ అడగని సమయంలో తీగ మీద నిశ్శబ్దం. తీగ తెగినప్పుడూ నిశ్శబ్దమే. ఈ రెండింటినీ వేరు చేసేది ఎట్లా?

ఒక టార్చి బల్బు, ఒక సెల్, స్విచ్చి, పొడవాటి తీగ తీసుకొని వలయం కట్టండి. స్విచ్చి తీసి ఉంచి, మీ స్నేహితుణ్ణి మీకు కనబడకుండా తీగను ఎక్కడో ఒకచోట తెంపమనండి. బల్బు ముందూ వెలగలేదు, తరువాతా వెలగలేదు. తీగ తెగిందో లేదో మీరు చెప్పలేరు. ఇప్పుడు తీగ అతికించి, స్విచ్చి వేసి ఉంచి, మళ్ళీ తెంపమనండి. తెగిన క్షణాన బల్బు ఆరిపోతుంది. అంటే, పని లేనప్పుడు కూడా తీగలో ఏదో ఒకటి ప్రవహిస్తూ ఉంటేనే దాని క్షేమం మనకు తెలుస్తుంది.

ఈ ఉపాయం కంప్యూటర్లకంటే చాలా పాతది. అమెరికాలో విలియం రాబిన్సన్ రైలు పట్టాలకు దీనిని అమర్చి 1872లో పేటెంటు పొందాడు. పట్టాలలో ఎప్పుడూ కొద్దిపాటి కరెంటు ప్రవహిస్తూ, సిగ్నలును ‘దారి ఖాళీ’ అనే స్థితిలో పట్టి ఉంచుతుంది. రైలు వస్తే దాని ఇరుసుల గుండా కరెంటు అడ్డదారి పడుతుంది, సిగ్నలు ఎర్రబడుతుంది. బ్యాటరీ చచ్చినా, తీగ తెగినా కూడా ఎర్రబడుతుంది. పరికరం చెడితే ప్రమాదం జరగదు, రైలు ఆగుతుంది, అంతే.

కంప్యూటర్లను కలిపే ఈథర్నెట్ పద్ధతిని 1973లో రాబర్ట్ మెట్‌కాఫ్ ప్రతిపాదించాడు. మెలిపెట్టిన జంట తీగల మీద అది నడిచే ప్రమాణం 1990లో వచ్చింది. అందులో పంపడానికి ఏమీ లేనప్పుడు, సుమారు 16 మిల్లీ సెకన్లకు ఒకసారి, అంటే సెకనుకు 62 సార్లు, ఒక చిన్న విద్యుత్ తట్టు వెళుతుంది. ఆ తట్టు ఉండేది సెకనులో కోటో వంతు కాలం మాత్రమే. దానికి అర్థం ‘నేను ఉన్నాను’ అనే. అవతలి కొన 50 నుంచి 150 మిల్లీ సెకన్ల వరకు చూసి, తట్టూ సమాచారమూ రెండూ రాకపోతే ‘తీగ తెగింది’ అని తేల్చుకుంటుంది. తరువాత వచ్చిన వేగవంతమైన పద్ధతులలో తట్టులకు బదులు ఖాళీ సంకేతాలు ఎడతెగకుండా వెళుతుంటాయి. తీగ గుచ్చినచోట వెలిగే చిన్న దీపం ఈ సంగతినే మనకు చూపుతుంది.

ముఖ్యమైన సర్వర్లకు ఒకటికి రెండు తీగలు పెడతారు. ఒకటి పోతే రెండవది ఆదుకుంటుంది. బాగానే ఉంది. లెక్కకోసం ఒక్కొక్క తీగ వంద రోజులకు ఒక రోజు చెడిపోతుందనుకుందాం. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా చెడితే, రెండూ ఒకే రోజున చెడే అవకాశం పదివేలలో ఒకటి. కాని ఈ లెక్కలో ఒక షరతు దాగి ఉంది: మొదటిది చెడిన రోజునే ఎవరైనా గమనించి బాగుచేయాలి. రెండవ తీగ మీద పని సాఫీగా సాగుతూ ఉంటే మొదటిది పోయిందని వాడుకునేవారికి తెలియదు, ఎవరూ ఫిర్యాదు చేయరు. నెలలు గడుస్తాయి. అప్పుడు మన సర్వరుకు ఉన్నది ఒకే తీగ, ప్రమాదం మళ్ళీ వందలో ఒకటి! రెండు తీగలనూ ఒకే గొట్టంలో వేసినవారి సంగతి చెప్పనే అక్కరలేదు, ఎలుకకు లెక్కలు రావు.

అందువల్ల లినక్స్ వంటి వ్యవస్థలలో ఇట్లా జంటగా కట్టిన తీగలను నిర్ణీత కాలానికి ఒకసారి, సాధారణంగా 100 మిల్లీ సెకన్లకు ఒకసారి, పరీక్షించే ఏర్పాటు ఉన్నది. ఆ కాలాన్ని సున్నా అని రాస్తే పరీక్ష ‘అతి వేగంగా’ జరుగుతుందనుకోకండి. అసలు పరీక్షే ఆగిపోతుంది.

ఇంకొక చిక్కు ఉన్నది. దీపం వెలుగుతున్నా దారి మూసుకుపోయి ఉండవచ్చు. సర్వరు తీగ నేరుగా లోకంలోకి పోదు. పక్కనే ఉన్న ఒక కూడలి పెట్టెకు పోతుంది. అక్కడి నుంచి మరొక పెట్టెకు మరొక తీగ. ఆ రెండవ తీగ తెగితే సర్వరు దీపానికి ఏమీ తెలియదు. మీ వీధి చివరిదాకా రోడ్డు బాగుంది, ఏటి మీద వంతెన కూలింది, అటువంటిదే. దీనికి మందు, అవతలి గట్టున ఉన్న యంత్రాన్ని పేరు పెట్టి పిలిచి జవాబు కోసం చూడడం. 1983 డిసెంబరులో మైక్ మూస్ రాసిన ‘పింగ్’ అనే చిన్న ప్రోగ్రాము చేసే పని ఇదే. జలాంతర్గాములను వెతికే సోనార్ చప్పుడును బట్టి ఆయన దానికి ఆ పేరు పెట్టాడు.

ఒక్క పిలుపుకు జవాబు రాకపోతే తెగిందనుకోవచ్చునా? హాజరు పిలిచినప్పుడు ఒక్కసారి పలకని పిల్లవాడు బడికి రాలేదనుకోవడం ఎంత తొందరపాటో ఇదీ అంతే. వరుసగా మూడు తప్పితేనే తెగినట్టు లెక్కించడం వాడుకలో ఉన్న పద్ధతి. సెకనుకు ఒక పిలుపు అయితే మూడు సెకన్లలో తెలుస్తుంది. తొందరగా తెలియాలంటే పిలుపులు పెంచాలి, పెంచితే తీగ మీద బరువు పెరుగుతుంది. ఎక్కడ ఆపాలన్నది ఆ సర్వరు చేసే పనిని బట్టి నిర్ణయించవలసిందే.

వదులుగా గుచ్చిన తీగ మరీ ప్రమాదకరం. పూర్తిగా తెగినది ఒకసారి చెబుతుంది. వదులైనది క్షణానికోసారి వస్తూ పోతూ ఉంటుంది. ఎప్పుడు చూసినా ‘బాగుంది’ అనే కనబడవచ్చు. కాబట్టి లినక్స్ ఇప్పటి స్థితిని 1 లేక 0గా చూపడంతో పాటు, ఆ స్థితి ఎన్నిసార్లు మారిందో కూడా లెక్కపెట్టి ఉంచుతుంది. నిన్న 4గా ఉన్న ఆ అంకె ఈ ఉదయం 900 అయితే, దీపం వెలుగుతూ ఉన్నా సరే, వెళ్ళి ఆ తీగను పట్టి చూడవలసిందే.

ఈ అంకెలను చదివే పని ఆ సర్వరుకే అప్పగించి ఊరుకోకూడదు. ఉన్న తీగలన్నీ తెగితే అది ఆ వార్తను ఏ దారిన పంపుతుంది? అందుకే వేరొక చోట, వేరొక దారి మీద ఉన్న యంత్రం దానిని పలకరిస్తూ ఉంటుంది.