అర్బుద చికిత్సలో శేషము మిగలరాదు

చేలో మొలచిన తుంగను పైపైన కోసివేసినంత మాత్రమున అది నశించదు. మట్టిలో తుంగముస్త ఒక్కటి మిగిలినను మరల మొలచును. క్యాన్సరు వ్యాధి నడకను గ్రహించుటకు ఈ ఉపమానము మిక్కిలి ఉపకరించును.

కణితిలోని కణములన్నియు ఒకే శక్తి గలవి కావు. పలు క్యాన్సర్లలో స్వల్పసంఖ్యలో నుండు కొన్ని కణములకు మాత్రమే కణితిని మొదటి నుండి తిరిగి నిర్మించు శక్తి యున్నది. వీనికే క్యాన్సరు మూలకణములని పేరు. 1994లో కెనడా శాస్త్రజ్ఞుడు జాన్ డిక్ బృందము రక్త క్యాన్సరునందు ఇట్టి కణములను గుర్తించినది. 2003లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయము వారు రొమ్ము క్యాన్సరునందు వీనిని కనుగొనిరి. ఏరిన కణములు నూరు మాత్రమే ఎలుకలలో ప్రవేశపెట్టగా కణితి పుట్టినది. తక్కిన రకపు కణములు వేలకొలది ప్రవేశపెట్టినను పుట్టలేదు.

వ్యాధి వ్యాపించునప్పుడు కొన్ని కణములు కణితి నుండి విడివడి రక్తములోనికి, లింఫు నాళములలోనికి చేరును. వానిలో అనేకములు దారిలోనే నశించును. మూలకణ లక్షణము గలవి ఎముకలు, ఊపిరితిత్తులు, కాలేయము వంటి చోట్ల నాటుకొని, ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి నిద్రాణముగా నుండి, పిమ్మట పెరుగవచ్చును. కీమోథెరపీ ముఖ్యముగా వేగముగా విభజన చెందు కణములను చంపును. మందగతిలో నుండు మూలకణములు దానికి తట్టుకొనవచ్చును.

దోషశేషముతో విడిచిన అర్బుదము శీఘ్రముగా మరల పుట్టునని, ఆరక మిగిలిన నిప్పువలె ప్రాణము తీయునని సుశ్రుతాచార్యులు చికిత్సాస్థానమున హెచ్చరించిరి. ఆ కాలమున కణముల సంగతి తెలియునని నేను వాదింపను. ఆ హెచ్చరిక మాత్రము నేటికిని సత్యము.

“గడ్డ కరిగింది కదా, ఇక ఆసుపత్రి మందులు మాని కషాయం పుచ్చుకోవచ్చా?” అని నన్ను పలువురు అడుగుచుందురు. మానరాదు. పసుపులోని కర్క్యుమిన్ ప్రయోగశాలలో ఇట్టి కణములపై కొంత ప్రభావము చూపినను, మనుష్యులలో క్యాన్సరును నయము చేయునని రుజువు కాలేదు. పైపూతలతో కాలహరణము చేసినచో వ్యాధి వ్యాపించుటకు వ్యవధి ఇచ్చినట్లే యగును.

గృహస్థులు పాటింపవలసినవి:

1. నొప్పి లేకున్నను, కొత్తగా కనిపించిన గడ్డను వెంటనే వైద్యునికి చూపవలెను.

2. కణితి తగ్గినను చికిత్సను పూర్తిగా ముగించి, తరువాతి పరీక్షలకు తప్పక పోవలెను.

3. ఏ మూలికను వాడుచున్నను క్యాన్సరు వైద్యునికి తెలుపవలెను. కొన్ని మూలికలు ఆయన ఇచ్చు మందుల పనిని మార్చివేయును.

4. ఆకలి మందగించినప్పుడు పలుచని జావ, పెసరకట్టు, మెత్తని అన్నము కొద్దికొద్దిగా, పలుమార్లు పెట్టవచ్చును.

రోగి బలమును కాపాడుటకు మన పథ్యము తోడ్పడును. వ్యాధి మూలమును తీయు చికిత్సకు అది అడ్డు కారాదు.