పుణె నుంచి వచ్చి ఢిల్లీకి వెళ్లిపోయిన మన టీమ్

అమీర్‌పేటలో మా బాల్కనీలో పసుపు జెర్సీ ఆరేస్తే పక్కింటి అంకుల్ ప్రతిసారీ అదే అడుగుతారు, "ఏం బాబూ, చెన్నై ఫ్యానా?" అని. మొన్న చెప్పేశాను: "కాదంకుల్, హైదరాబాద్ ఎఫ్‌సీ. ఫుట్‌బాల్ టీమ్."

"మనకూ ఉందా? ఎక్కడ ఆడతారు?"

"ఇప్పుడు ఢిల్లీలో అంకుల్."

ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మన ఊరి పేరు పెట్టుకున్న టీమ్ వేరే ఊరికి ఎలా వెళ్లిపోతుంది? అది తెలుసుకోవాలని చదివితే ఈ వ్యాసం తయారైంది.

ముందు పాత కథ. సయ్యద్ అబ్దుల్ రహీం కోచింగ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరుసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా 4వ స్థానంలో నిలిచినప్పుడు కోచ్ ఆయనే. 'మైదాన్' సినిమా ఆయన గురించే. అప్పట్లో ఆటగాడికి డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగం ఉండేది, ఆ టీమ్‌కే ఆడేవాడు.

కంపెనీలు కూడా టీములు నడిపాయి. పంజాబ్‌లో ఫగ్వాడా బట్టల మిల్లు టీమ్ జేసీటీ 1996-97లో మొట్టమొదటి నేషనల్ లీగ్ గెలిచింది. 2011లో దాన్ని ఆపేశారు. ముంబై టీమ్ మహీంద్రా యునైటెడ్ 2005-06లో ఛాంపియన్, 2010లో మూత. అప్పటికి కంపెనీలు నడుస్తూనే ఉన్నాయి, టీములే పోయాయి.

2014లో ఐఎస్ఎల్ వచ్చాక పద్ధతి మారింది. టీమ్ అంటే ఫ్రాంచైజీ. పుణె ఫ్రాంచైజీ ఆగిపోతే, 2019లో దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. మొదటి సీజన్‌లో చిట్టచివరి స్థానం. రెండేళ్లకి, 2022 మార్చి 20న గోవాలో ఫైనల్. కేరళ బ్లాస్టర్స్‌తో 1-1, తర్వాత పెనాల్టీలు. గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. మనం ఛాంపియన్స్! కోవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది, గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా లేదు. తర్వాతి సీజన్‌లో అన్నయ్యతో మెట్రోలో రాయదుర్గం దాకా వెళ్లి, అక్కడి నుంచి ఆటోలో స్టేడియంకి వెళ్లాను. ఈ జెర్సీ అప్పటిదే.

ఆ తర్వాత డబ్బు కష్టాలు మొదలయ్యాయి. జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లని తీసుకోకుండా ఫిఫా నిషేధం. 2023-24లో ఒక్క మ్యాచే గెలిచి అట్టడుగున మిగిలింది. 2024లో ఓనర్లు మారారు. 2025లో టీమ్ పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

నెట్‌వర్క్స్ క్లాసులో 'సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్' అని చెప్తారు కదా, ఒక్కటి ఆగితే సిస్టమ్ అంతా ఆగిపోయేది. ఇక్కడ అది ఓనర్. జర్మనీలో చాలా క్లబ్బుల్లో సగానికి మించిన ఓట్లు సభ్యులవే ఉండాలని రూల్ ఉంది. దానికి మినహాయింపు పొందిన లెవర్‌కూసెన్ బేయర్ కంపెనీదే. కానీ 1904లో అది మొదలైంది ఆ ఫ్యాక్టరీ కార్మికుల కోసం, ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉంది, 2023-24లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా లీగ్ గెలిచింది. అంటే కంపెనీ చేతిలో ఉండటం ఒక్కటే తప్పు కాదు. టీమ్ ఊరు మారేటప్పుడు ఆ ఊరివాళ్లని ఎవరూ అడగనక్కర్లేకపోవడం తప్పు. నన్నైతే ఎవరూ అడగలేదు.

2021లో ఐ-లీగ్‌లోకి వచ్చిన శ్రీనిధి డెక్కన్ కూడా మన హైదరాబాద్‌దే. దాని వెనకా ఒక విద్యాసంస్థల గ్రూపే ఉంది. అయినా మ్యాచ్ పడితే నేను వెళ్తాను. మీలో ఎవరొస్తారు?