ఒక్కదానివే కదా అంటారు, ఏం చెప్తావ్?

ఆరాధన అయిపోయి గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే ఎవరో ఒక ఆంటీ చెయ్యి పట్టుకుంటుంది. "నీ గురించి ప్రార్థన చేస్తున్నానమ్మా, ఈ ఏడాదైనా దేవుడు మంచి సంబంధం చూపిస్తాడు" అంటుంది. ప్రేమతోనే అంటుందని మనకూ తెలుసు. "వందనాలు ఆంటీ" అని నవ్వేస్తాం. అసలు కష్టం ఆ తర్వాత. అందరూ పిల్లాజెల్లాతో ఇళ్ళకెళ్ళిపోతారు, మనం వెళ్ళి గది తాళం తీస్తాం. వారమంతా కనబడని ఒంటరితనం ఆదివారం మధ్యాహ్నమే ఎందుకొచ్చి కూర్చుంటుందో!

భోజనానికి ఎవరైనా పిలుస్తారేమోనని చూడకు చెల్లీ, నువ్వే పిలువు. పిల్లలు దూరాన ఉన్న పెద్దావిడ, ఊరు కాని ఊరొచ్చి నర్సింగ్ చదువుతున్న అమ్మాయి నీ సంఘంలోనే ఉంటారు. లేదా పిల్లలున్న ఒక ఇంటితో "కూర నేను తెస్తా అక్కా, అన్నం మీరు వండండి" అని ఖాయం చేసుకో. ప్రతి వారం వెళ్తే చుట్టానివి కావు, ఇంటిమనిషివైపోతావు. వాళ్ళ పిల్లాడికి ఎక్కాలు అప్పజెప్పించుకోవడమూ నీ పనే అవుతుంది మరి.

పెళ్ళి కావాలనిపించిందంటే విశ్వాసం తగ్గిందని కాదు. దేవుడి దగ్గర మొహమాటమెందుకు, అడుగు. వద్దనిపించినా తప్పు లేదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఏడో అధ్యాయంలో పౌలు పెళ్ళి లేని బతుకును కూడా కృపావరంగానే లెక్కేశాడు. ఎందుకో ఆ అధ్యాయం మీద ప్రసంగాలు మన చెవిన పడేది తక్కువ.

గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి పేరు వినే ఉంటావు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి వచ్చింది, 1898లో ఆసుపత్రి తెరిచింది, పెళ్ళి చేసుకోకుండానే 1930లో ఇక్కడే కన్నుమూసింది. గొప్ప మనిషి. కానీ పెళ్ళికాని ఆడవాళ్ళ మాటొస్తే ఇలా ఆసుపత్రులు కట్టినవాళ్ళనే చూపిస్తారు. ఏదో ఒకటి కట్టకపోతే మన బతుక్కి లెక్క లేదా ఏంటి?

ఆ లెక్కతోనే కాబోలు, సండే స్కూలు, క్వయర్ ప్రాక్టీసు, క్రిస్మస్ డెకరేషన్ అన్నీ మన నెత్తినే పడతాయి. "నీకేముందమ్మా, ఒక్కదానివే కదా!" ఒక్కదానివి కాబట్టే గ్యాస్ బుకింగూ నువ్వే, కరెంటు బిల్లూ నువ్వే, జ్వరమొస్తే కషాయమూ నువ్వే. నీకు ఇష్టమైన పని ఒక్కటి పట్టుకో. మిగతావాటికి "ఇది నేను చేస్తాను పాస్టరమ్మ గారూ, అది ఇంకెవరికైనా ఇవ్వండి" అను. ఆవిడేం కోప్పడరు.

ఇక ఇల్లు. ఒక్కదానికి వండుకోవడమేంటని రోజూ పెరుగన్నం, ఆవకాయతో సరిపెట్టేస్తాం. మంచి మంచం, ఫ్రిజ్ అన్నీ పెళ్ళయ్యాకే అంటాం. నడుము ఇప్పుడే కదా నొప్పెడుతోంది? మంచం కొనేసెయ్. ఆరోగ్య బీమా కూడా తీసుకో, ఆఫీసు వాళ్ళది ఉద్యోగం మారితే పోతుంది.

ఇంకోటి చెప్తా, భయపడకు. వీలునామా రాయి. క్రైస్తవులమైన మనకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. పెళ్ళీ పిల్లలూ లేనివాళ్ళు వీలునామా రాయకుండా పోతే, నాన్న ఉంటే ఆస్తంతా నాన్నకే, అమ్మకు వాటా ఉండదు. నాన్న లేకపోతే అమ్మకూ తోబుట్టువులకూ సమానంగా వెళ్తుంది. అమ్మకే అందాలని నీకుంటే కాగితం మీద పెట్టాల్సిందే. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, వాళ్ళతోనూ సంతకం పెట్టిస్తే చాలు. అమ్మకు రాస్తూ అమ్మతోనో నాన్నతోనో సాక్షి సంతకం పెట్టించావా, అమ్మకు రాసింది చెల్లదు. క్వయర్‌లో ఇద్దరిని అడుగు. "పెళ్ళయ్యాక చూద్దాంలే అక్కా" అంటావేమో, పెళ్ళయితే ఈ వీలునామా దానంతటదే రద్దయిపోతుంది. అప్పుడు కొత్తది రాసుకుందువుగాని.