పత్తికొండ గరుసు నేల – దాని అడుగునున్న గట్టి పొర

తెలుగు బోధించువాడు మట్టిని గురించి వ్రాయుట ఏమని విజ్ఞానశాస్త్ర విభాగపు మిత్రులు నవ్వవచ్చును. దీనికి కారణము ఒక వ్యాసరచన. "మా ఊరు" అను అంశముపై వ్రాయుమనగా, పత్తికొండ ప్రాంతపు విద్యార్థి ఒకడు "మాది రాళ్ళ నేల, పనికిరానిది. అందుచేత మా నాయన ఏటా వలస పోవుచున్నాడు" అని రెండే వాక్యములు వ్రాసి కాగితమిచ్చినాడు. వాక్యములలో దోషము లేదు. కాని "పనికిరానిది" అను మాట నన్ను వదలలేదు. సెలవులలో ఒక గడ్డపార, ఒక కొలబద్ద తీసికొని ఆ పిల్లవానితో వారి పొలమునకు పోతిని.

పైన పలుగురాళ్ళు, గరుసు పరచినట్లున్నవి. వాటి క్రింద ఎర్రమట్టి. అడుగు లోతు సులభముగానే త్రవ్వితిమి. అక్కడ గడ్డపార ఖంగుమన్నది. రాయి తగిలినదనుకొంటిని. చేతితో తడిమి చూడగా అది రాయి కాదు, రాయివలె బిగిసిన మన్ను. వాన కురిసిన నీరు, మొక్క దింపిన వేరు, రెండును అక్కడనే ఆగిపోవుచున్నవి.

ఇట్టి పొర ఎట్లు ఏర్పడును? ఈ సీమలోని ఎర్రనేలలు చాలవరకు గ్రానైటు జాతి శిలలు శిథిలమై ఏర్పడినవి. వాననీటితో సన్నని బంకరేణువులు కొంత లోతునకు దిగి రంధ్రములలో చిక్కుకొనును. ఎండినప్పుడు ఆ పొర ఇటుకవలె బిగియును. ఇది ఒక విధము. నేలలో సున్నము ఉన్నచోట మరియొక విధము కలదు. వాననీరు సున్నమును కరగించి క్రిందికి తీసికొనిపోవును, కాని వాన స్వల్పమగుటచే దానిని పూర్తిగా కడిగి వేయజాలదు. నీరు నడుమనే ఇగిరిపోగా సున్నము అక్కడ పేరుకొనును. వేల యేండ్లకు అది సుద్ద పొరగా గట్టిపడును. అమెరికా నైరుతి ఎడారులలోని పశువుల బీళ్ళ క్రింద ఇట్టిదే కలదు; అక్కడ దానిని కలీచే అందురు. మూడవది మనము చేసికొన్నది: ఏటేటా ఒకే లోతున మడక గాని ట్రాక్టరు గాని నడుపుటచే దుక్కి అడుగున నేల అణగి బిగియుట.

ఇక్కడ ఒక మాట. మన వాడుకలో కంకర అనగా పగులగొట్టిన రాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు హిందూస్తానీనుండి గ్రహించిన "కంకర్" అనగా సున్నపు గడ్డ. ఉర్దూ, తెలుగు రెండును చదువుకొను మన విద్యార్థులు ఈ రెండింటిని ఒకటిగా భావించి పొరపడరాదు.

ఇక లెక్కకు వత్తము. ఈ జిల్లాలో ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్ల వాన పడును. ఒక ఎకరముపై ఒక మిల్లీమీటరు వాన అనగా 4,047 లీటర్ల నీరు. ఆ లెక్కన ఎకరమునకు ఏటా 24 లక్షల లీటర్ల పైచిలుకు. ఇది స్వల్పమా? అయినను పైరు ఏల ఎండుచున్నది? గట్టి పొరపైన 30 సెంటీమీటర్ల మన్నే ఉన్నదనుకొందము. అందులో పదింట నాలుగు వంతులు గరుసు. గరుసు నీటిని దాచుకొనదు. మిగిలిన 18 సెంటీమీటర్ల మెత్తని మట్టి తన పరిమాణములో పదవ వంతు నీటిని పైరుకు అందీయగలదనుకొన్నను, దక్కునది 18 మిల్లీమీటర్లు మాత్రమే. బాగుగా ఎదిగిన పైరు రోజునకు 4, 5 మిల్లీమీటర్లు త్రాగును. అనగా నాలుగు దినముల గ్రాసము! మీటరు లోతు గల నల్లరేగడి ఇదే రీతిని 150 మిల్లీమీటర్లు దాచుకొని నెల దినములు పైరును కాపాడగలదు. వానలు తక్కువని ఆకాశమును నిందించుట మనకు అలవాటు. ఈ పొలములో కొరత వాననీటికంటె దానిని పట్టు పాత్రకే ఎక్కువగా ఉన్నది.

మన ప్రాంతమున బుడ్డలని పిలుచు వేరుశనగకు ఇంకొక చిక్కు కలదు. పూత తరువాత ఊడలు నేలలోనికి దిగవలెను. పై మన్ను ఎండి పెట్టుగట్టినచో ఊడ దిగదు. దిగినను, పెరుకునప్పుడు కాయ నేలలోనే తెగి నిలుచును.

మరి పైనున్న రాళ్ళనన్నిటిని ఏరివేయవలెనా? తొందరపడరాదు. వానచినుకు దెబ్బను రాయి కాచుకొనును, మన్ను చెదరదు. ఎండవేడిమికి తేమ త్వరగా ఎగిరిపోదు. చైనాలోని గాన్సు రాష్ట్రమున రైతులు శతాబ్దములుగా పొలములపై గులకరాళ్ళను పనిగట్టుకొని పరచి సాగు చేయుచున్నారు. మడకకు అడ్డు తగులు పెద్దరాళ్ళను ఏరి కట్టలకు వాడుకొనుట మంచిది; సన్నగరుసును ఉండనీయవలెను.

ఈ గరుసు పైకి తేలిన తీరు గమనింపదగినది. తొలకరి వానలకు తుగ్గలి, జొన్నగిరి పొలములలో జనము వజ్రములు వెదకుట మీరెరుగుదురు. వాన సన్నమట్టిని కడుగును, రాయి బయటపడును. అదృష్టముంటే ఆ రాళ్ళలో వజ్రము. కాని కడుగుకొనిపోయిన ఆ మట్టియే పైరుకు ఆధారము. వజ్రము ఒకనికి దొరకును, మట్టి అందరికిని పోవును.

నేలను దాని గుణమునుబట్టి ఎంచుట ఈ సీమకు క్రొత్త కాదు. 1800 నుండి 1807 వరకు దత్త మండలముల ప్రధాన కలెక్టరుగా ఉన్న సర్ థామస్ మన్రో పొలమును పొలముగా కొలిపించి, నేల గుణమునుబట్టి శిస్తు నిర్ణయింపజేసినాడు. తరువాత మద్రాసు గవర్నరై పర్యటించుచు 1827 జూలై 6న పత్తికొండలోనే కలరాతో మరణించినాడు. ఆ కొలత శిస్తు కొరకు. మనకు కావలసిన కొలత పైరు కొరకు.

దానికి పెద్ద సాధనములు అక్కరలేదు. పొలములో మూడు నాలుగు చోట్ల గుంత త్రవ్వి గట్టి పొర ఎంత లోతున తగులునో చూడవలెను. ఆ పొర పెళ్ళను ఎండబెట్టి గ్లాసెడు నీటిలో వేయవలెను. కొద్దిసేపటిలో విడిపోయినచో అది బంకమట్టి బిగువో, మడక బిగువో. లోతు దుక్కితో పగులును. అయితే ఎర్రనేల మరల బిగిసికొనును గనుక పశువుల పెంట, చెరువు మట్టి వేయక దుక్కి మాత్రమే చేసిన ఖర్చు రెండు మూడేండ్లలో వ్యర్థము. నీటిలో విడిపోక, మన ప్రయోగశాలలోని సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లము చుక్కకు బుసబుస పొంగినచో అది సున్నపు పొర. దానిని పెకలించి పైకి తెచ్చినచో ఇనుము అందక బుడ్డల ఆకులు పసుపు బారును. అట్టిచోట నాగలి దించక తంగేడు, రేగు, సీతాఫలము, గడ్డి పెరుగనిచ్చి గొర్రెలకు వదలుటయే లాభము. కాలువ నీరు వచ్చినచోట మరింత జాగ్రత్త వలయును: గట్టి పొరపై నీరు దిగక నిలిచి, ఉప్పు పైకి తేలి, నేల చవుడు బారును.

ఆనాడు నాలుగు గుంతల పెళ్ళలను నాలుగు గ్లాసులలో వేసితిమి. ఎగువనున్న మూడు, మేము టీ త్రాగునంతలో కరగినవి. దిగువ మూలనుండి తెచ్చినది సాయంకాలమునకును చెక్కుచెదరలేదు. ఆ పిల్లవాని తండ్రి మూడు గ్లాసులను ఒకవైపునకు జరిపి, "ఈ మూడు మడులకు పెంట ఎన్ని బండ్లు కావలెను సార్?" అని అడిగినాడు.